రాజమహేంద్రవరపు చెఱసాలయు వృద్ధులైన బందీలును

రాజమహేంద్రవరమందలి సెంట్రలు జైలును ఎఱుగనివారు గోదావరి మండలములలో అరుదు. పూర్వము డచ్చివారి కోట యని చెప్పుకొను స్థలమున ఇంగ్లీషు దొరతనమువారు 1864 లో చెఱసాల నేర్పఱచిరి. 1870 లో అది కేంద్ర కారాగార మయ్యెను. దాని గోడల లోపలికి ఎవరెవరు పోయిరో తెలుపు కథలు మనకు చాల గలవు. అందే ముసలితనము తెచ్చుకొని వెలుపలికి వచ్చినవాడు ఏ యింటి గుమ్మము తట్టెనో, ఆ గుమ్మము తెఱువబడెనో లేదో తెలుపు కథ మాత్రము అరుదుగా వినవచ్చును. ఆ విషయమునే నేడు మేము కొంత ముచ్చటింప నెంచితిమి.

1894 సంవత్సరపు కారాగార శాసనమును తెఱచి చూడుడు. బందీలను ఏ యే తెగలుగా వేఱుచేయవలయునో అందు వ్రాసిరి. స్త్రీలను పురుషులనుండియు, పిన్నవయసువారిని పెద్దలనుండియు, విచారణలో నున్నవారిని శిక్షపడినవారినుండియు, అప్పుల కేసులవారిని నేరస్థులనుండియు ఎడముగా నుంచవలయునట. ముసలివారి మాట అందు లేదు. శాసనకర్తల కంటికి బాల్యము కనబడినది గాని వార్ధకము కనబడలేదు. అట్లని అది బొత్తిగా దయమాలిన శాసనమనుట న్యాయము గాదు. పనిచేయు బందీని దినమునకు 9 గంటలకు మించి పనిలో నుంచరాదనియు, పక్షమున కొకమాఱు వాని బరువును తూచి చీటిలో వ్రాయవలయుననియు, ఒక పనివలన వాని ఆరోగ్యము చెడుచున్నదని వైద్యుడు తలచినచో వేఱు పని నియ్యవలయుననియు 35 వ విభాగము చెప్పుచున్నది. మంచిదే. కాని త్రాసు చెప్పునది బరువు మాత్రమే. ముసలివాని బరువు తగ్గకయే చూపు తగ్గును. పండ్లూడి ముతక బియ్యపు అన్నము నమలరాకుండును. నేలపై పండుకొని లేచుటకు మోకాళ్లు సాగవు. ప్రొద్దు గ్రుంకగనే తాళము పడు కొట్టులో రాత్రి నాలుగైదుసార్లు లేవవలసినవాని కష్టమును ఏ చీటిలో వ్రాయుదురు? పెద్దాసుపత్రికి పోవలెనన్న తోడు వచ్చుటకు పోలీసులు కావలెను. వారు దొరకని దినమున వైద్యుడును దొరకడు.

1919–20 లో కూర్చున్న అఖిల భారత కారాగార సంఘము, శిక్షకు ప్రయోజనము బందీని బాగుచేసి లోకములోనికి మరల పంపుటయే యని చెప్పెను. ఆ మాట చెప్పిన కొలది కాలమునకే మన చెఱసాల దేశభక్తులతో నిండసాగెను. ద్రాక్షారామమున 1881 లో జన్మించిన దువ్వూరి సుబ్బమ్మగారు 1922 లో శిక్ష పొంది ఈ రాజమహేంద్రవరపు చెఱలోనే యుండిరి. బాల్యమందే వైధవ్యము పొంది నలుబది దాటిన యిల్లాలు జైలునకు పోయి వచ్చినచో ఆ కాలపు సంఘము ఏమనవలసినది! అయినను ఆమె తిరిగి వచ్చి సభలలో మాటలాడెను, స్త్రీలకు విద్య చెప్పించు పనిలో దిగెను. 1964 లో మరణించువఱకు గౌరవముతోనే బ్రతికెను. రంప మన్యమున అల్లూరి సీతారామరాజు వెంట నడచిన గాము మల్లుదొర అండమాను చెఱలో ఏండ్లు గడిపి వచ్చి, 1952 లో లోక్‌సభకు ఎన్నికయ్యెను. చెఱనుండి వచ్చినవానిని సంఘము చేర్చుకొనజాలదను వాదము నిలువదని ఈ రెండు జీవితములే సాక్ష్యము. సంఘము చేర్చుకొనదలచినవారిని చేర్చుకొన్నది.

ఇందొక వింత గలదు. స్వాతంత్ర్యము వచ్చి 25 ఏండ్లు నిండిన 1972 లో కేంద్ర ప్రభుత్వము సమరయోధులకు పింఛను నేర్పాటు చేసెను. 6 మాసములు చెఱలో నున్నట్లు రుజువు కావలెను. అప్పటికి ఆ యోధులలో చాలమంది వృద్ధులు. జైలు దస్తరములో తమ పేరున్నదని ధ్రువపత్రము తెచ్చుకొన్నవారికి ఆ పంక్తియే ముసలితనమున కూడు పెట్టెను. అదే దస్తరములో మఱియొక పుటయందు పేరున్నవానికి ఆ పంక్తియే ఊరిలో పని లేకుండ చేయును.

ఆ రెండవవాని సంగతి చూతము. మరణశిక్షకు తగిన నేరమునకు యావజ్జీవ శిక్ష పడినవాడు 14 ఏండ్లు నిజముగా చెఱలో గడపినగాని విడుదల కర్హుడు గాడని 1978 లో చట్టమును సవరించిరి. గట్టు తగవులో చేయిచేసికొని ఏబదవ యేట లోపలికి పోయిన కౌలురైతు అఱువదినాలుగు దాటి వచ్చును. కౌలు మఱియొకరి చేతికి పోయియుండును. భార్య బ్రతికియుండిన నదృష్టము. కొడుకులు వేఱుపడి, ఎవరి కార్డులోను తండ్రి పేరు లేకుండును. ఆంధ్రప్రదేశమున 60 ఏండ్లు నిండిన పేదలకు 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయల పింఛను ఇచ్చుచున్నారు. వానికిని అర్హత గలదు. కాని ఆధారు, బియ్యపు కార్డు, చిరునామా కావలెను. చిరునామా యేమని వ్రాయవలెను?

2023 లో 73 ఏండ్ల వయసున నారా చంద్రబాబునాయుడుగారు ఈ చెఱసాలలోనే రిమాండులో నుండగా, కంటి శస్త్రచికిత్సకై హైకోర్టు అక్టోబరు 31 న వారికి మధ్యంతర బెయిలు నిచ్చెను. రాజకీయముల జోలికి మేము పోము. వృద్ధుని కంటిని న్యాయస్థానము లెక్కచేయుట తగినదే. రోగులకును దుర్బలులకును బెయిలు ఈయవచ్చునను మాట చట్టములో అందఱికిని ఉన్నది. దానిని అడిగిపెట్టు ప్లీడరు అందఱికిని లేడు. మనము వీరిని లెక్కించు తీరును చూడుడు: దేశపు జైలు లెక్కలలో వయసు పట్టిక 50 దగ్గఱ ఆగిపోవును. 51 ఏండ్లవాడును 80 ఏండ్లవాడును ఒకే గడిలో కూర్చుందురు.

మేము కోరునది పెద్ద ఖర్చుతో కూడిన పని గాదు. అఱువది దాటిన బందీకి విడుదల ఆఱు మాసములున్నదనగనే చెఱసాలలోనే వాని ఆధారు సరిచేయించి, కన్ను పరీక్షించి, పింఛను దరఖాస్తు వ్రాయింపవలెను. ఇల్లు లేనివానికి వృద్ధాశ్రమములో చోటు ముందే అడిగి పెట్టవలెను. ధ్రువపత్రములు వ్రాయుట ఆ కచేరీకి క్రొత్త గాదు. 1972 తరువాత ముసలి యోధుల పింఛనుకై పాత దస్తరములను దుమ్ము దులిపి పేర్లు వెదకి యిచ్చినది జైలు కచేరీయే.