ఆఫ్రికా సఫారీ యాత్ర

ఆఫ్రికా సఫారీ యాత్ర అనగా ఆఫ్రికా ఖండంలోని అభయారణ్యాలలో వన్యమృగాలను వాటి సహజ నివాసంలో చూచుటకు, అక్కడి ప్రజల జీవన విధానాన్ని తెలుసుకొనుటకు చేసే విహారయాత్ర. ఒకప్పుడు తుపాకులతో సాగిన ఈ యాత్ర నేడు ఎక్కువగా కెమెరాలతో సాగుచున్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైదరాబాదులోని హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో సమాచార సాంకేతిక రంగం విస్తరించినది. ఈ రంగంలోని ఉద్యోగుల కుటుంబాలు సెలవులలో చేసే విదేశీ యాత్రలలో ఇదియు ఒకటి.

పేరు

స్వాహిలీ భాషలో "సఫారీ" అనగా ప్రయాణం. దీనికి మూలం అరబ్బీ పదమైన "సఫర్". హైదరాబాదు ఉర్దూలో నేటికీ వాడుకలో ఉన్న "సఫర్" కూడా ఇదే. ఆఫ్రికాతో హైదరాబాదుకు పాత సంబంధమే కలదు. నిజాము సైన్యంలోని ఆఫ్రికా అశ్వికదళం పేరు మీదుగా మాసాబ్ ట్యాంకు సమీపంలోని ఒక పేటను ఏ.సి.గార్డ్స్ అని పిలుస్తారు.

చరిత్ర

తొలి సఫారీలు వేట యాత్రలు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909-10లో జరిపిన యాత్రలో స్మిత్సోనియన్ సంస్థ కొరకు పురుగులు మొదలుకొని ఏనుగుల వరకు 11 వేలకు పైగా జీవులను సేకరించారు. సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, ఆఫ్రికా అడవిదున్న - ఈ ఐదింటికి "బిగ్ ఫైవ్" అను పేరు పెట్టినది కూడా వేటగాళ్ళే. కాలినడకన వేటాడుటకు ఇవి మిక్కిలి ప్రమాదకరమైనవని దీని భావం. 1977లో కెన్యా వేటను నిషేధించినది. టాంజానియా వంటి కొన్ని దేశాలలో అనుమతి పత్రంతో వేట నేటికీ సాగుచున్నది.

ముఖ్య ప్రదేశాలు

* మాసాయీ మారా (కెన్యా): సుమారు 1,500 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల అభయారణ్యం.
* సెరెంగెటీ (టాంజానియా): 1951లో జాతీయ ఉద్యానవనమైనది. విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. విల్డెబీస్ట్ అను జింక జాతి జంతువులు లక్షల సంఖ్యలో పచ్చికను వెతుకుతూ ఏటా సెరెంగెటీ, మారాల మధ్య తిరుగుతాయి.
* క్రూగర్ (దక్షిణాఫ్రికా): 1926లో జాతీయ ఉద్యానవనమైనది. సందర్శకులు సొంతంగా కారు నడుపుకొనుచు మృగాలను చూడవచ్చును.

అనువైన కాలం

తెలుగు పిల్లలకు వేసవి సెలవులు ఏప్రిల్, మే నెలలలో వస్తాయి. తూర్పు ఆఫ్రికాలో మార్చి నుండి మే వరకు పెద్ద వానల కాలం. అప్పుడు గడ్డి ఏపుగా పెరిగి మృగాలు కనిపించుట కష్టమగును; మట్టిదారులలో వాహనాలు దిగబడతాయి. అద్దెలు తక్కువగా ఉండుటకు కారణం ఇదే. మే చివరివారంలో వెళ్ళదలచినవారికి అప్పటికి పొడి కాలం మొదలయ్యే క్రూగర్ మేలు. విల్డెబీస్ట్‌లు మారా నదిని దాటే దృశ్యం జూలై నుండి అక్టోబరు వరకు కనిపించవచ్చును. కనుక దసరా సెలవులు ఇందుకు అనుకూలం. సంక్రాంతి తరువాత జనవరి చివర నుండి మార్చి మొదటి వరకు సెరెంగెటీ దక్షిణ భాగంలో అవి ఈనుతాయి.

ప్రయాణం, ఆరోగ్యం

2025 జూన్‌లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ శంషాబాదు నుండి అడిస్ అబాబాకు నేరుగా విమానాలను ప్రారంభించినది. ముంబయి నుండి నైరోబీకి నేరు విమానాలు కలవు. కెన్యా 2024 జనవరిలో వీసాను తొలగించి, బయలుదేరుటకు ముందే అంతర్జాలంలో పొందవలసిన ప్రయాణ అనుమతిని ప్రవేశపెట్టినది.

కెన్యా, ఇథియోపియా, ఉగాండా వంటి దేశాల నుండి తిరిగి వచ్చేవారు పీతజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా ధ్రువపత్రం చూపవలెను. లేనిచో భారతదేశంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చును. టీకాను కనీసం పది రోజుల ముందు వేయించుకొనవలెను. 2016 నుండి ఈ ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఈ టీకా వేసే అధీకృత కేంద్రాలలో ఒకటి. మలేరియా నివారణ మాత్రల గురించి వైద్యుని సలహా అవసరం. నీలం, నలుపు రంగు దుస్తులు సెట్సీ ఈగలను ఆకర్షిస్తాయి. కెన్యాలో 2017 నుండి, టాంజానియాలో 2019 నుండి పాలిథీన్ సంచులపై నిషేధం ఉన్నందున పచ్చళ్ళు, పొడులు తీసుకొని వెళ్ళేవారు వాటిని డబ్బాలలో సర్దుకొనవలెను.

మాసాయీ ప్రజలు

సాంస్కృతిక సఫారీలో ఎక్కువమంది చూచునది మాసాయీల పల్లెలు. ఎర్రని దుప్పటి వంటి వస్త్రం, పూసల ఆభరణాలు, ఎత్తుకు ఎగురుతూ చేసే "ఆడుము" నృత్యం వీరి ప్రత్యేకతలు. పశువులే వీరి సంపద. అయితే యాత్రికులు చూచే "మనుషులు లేని అడవి" సహజంగా ఏర్పడినది కాదు. 1959లో సెరెంగెటీ నుండి మాసాయీలను తరలించి, ప్రక్కనున్న ఎన్గొరొన్గొరొ ప్రాంతంలో నివసించనిచ్చారు. 2022లో లోలియొండోలో మేతభూములకు సరిహద్దు రాళ్ళు పాతే సమయంలో ఘర్షణలు జరిగాయి. మారా చుట్టూ మరొక పద్ధతి కలదు. అక్కడ మాసాయీలు తమ భూములను వసతి గృహాల వారికి కౌలుకిచ్చి ఆదాయం పొందుచున్నారు. యాత్రికుడు చెల్లించే సొమ్ములో ఎంత భాగం ఆ ఊరివారికి చేరునో ముందుగా అడిగి తెలుసుకొనుట, అనుమతి లేనిదే ఛాయాచిత్రాలు తీయకుండుట మర్యాద.

హైదరాబాదులో ఆఫ్రికా మృగాలు

2012 అక్టోబరులో హైటెక్ సిటీలోని అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో జీవవైవిధ్య సదస్సు జరిగినది. ఆ సందర్భంలో నెహ్రూ జంతు ప్రదర్శనశాలను చూచిన సౌదీ రాకుమారుడు ఆఫ్రికా సింహాలను, చీటాలను కానుకగా ప్రకటించాడు. అవి 2013లో నగరానికి చేరాయి. ఆడ చీటా 2020లోను, ఒంటరిగా మిగిలిన మగ చీటా 2023 మార్చిలోను మరణించాయి. భారతదేశంలో చీటాలు అంతరించినట్లు 1952లోనే ప్రకటించబడినది. 2022 సెప్టెంబరులో నమీబియా నుండి తెచ్చిన ఎనిమిది చీటాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తరలించారు.

సమీపంలోని సఫారీలు

హైటెక్ సిటీకి దగ్గరలో చిలుకూరు వద్ద మృగవని జాతీయ ఉద్యానవనం కలదు. ఇక్కడ జింకలు, కణుజులు, అడవిపందులు ఉంటాయి. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఫరహాబాదు వద్ద సఫారీ ఉన్నది. నల్లమలలోని చెంచులు పులుల జాడలు గుర్తించే పనిలో అటవీశాఖకు తోడ్పడుచున్నారు. అడవిని విడిచి వెళ్ళుట, అందులోనే బ్రతుకుట అను ప్రశ్న మాసాయీల వలెనే వీరికి కూడా ఎదురగుచున్నది.