ఎన్ని గంటల్లో రాగలవు?

తాతయ్య పోయారని ఫోన్ వచ్చేసరికి ఇక్కడ శాన్‌ఫ్రాన్సిస్కోలో అర్ధరాత్రి దాటి రెండయింది. మామయ్య ఒక్కటే అడిగాడు: "ఏరా, ఎన్ని గంటల్లో రాగలవు? దాన్నిబట్టి కానిద్దాం." లెక్కలు కట్టే ఉద్యోగం నాది. కానీ ఆ లెక్కకి టక్కున జవాబు చెప్పలేకపోయాను. టికెట్లు వెతికి, "నలభై గంటలు పట్టేట్టుంది మామయ్యా" అన్నాను. మండు వేసవి. అంతసేపు ఉంచలేమన్నాడు.

తిరిగొచ్చాక ఒక ఆదివారం కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశాను. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు ఇస్తే హావర్‌సైన్ సూత్రంతో దూరం చెబుతుంది. హావర్‌సైన్ అనే మాట 1835లో జేమ్స్ ఇన్‌మన్ ఓడలు నడిపేవాళ్ల కోసం రాసిన పుస్తకంలోది. హైదరాబాదు నుంచి ఇక్కడికి సుమారు 13,500 కిలోమీటర్లు అని వచ్చింది. గంటకి 900 చొప్పున పదిహేను గంటలు. మరి నలభై ఎందుకయ్యాయి?

దూరం దగ్గర పెద్ద తప్పేం లేదు. ఈ సూత్రం భూమిని నిండు గుండ్రమనుకుంటుంది, నిజానికి ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టుంటుంది. ఆ నొక్కు ఎంతో తేల్చడానికే 1802లో లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసుతో నేల కొలవడం మొదలుపెట్టాడు. ఆయన దగ్గర చేరిన ఎవరెస్ట్ 1819లో మన కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో మంచాన పడ్డాడు. 1830లో ఆయన ఇచ్చిన భూమి కొలతలతోనే మన దేశపు పటాలు చాలాకాలం గీశారు. వాటితో లెక్కేసినా తేడా నూటికి ఒక కిలోమీటరు కూడా రాదు.

తేడా అంతా కాలంలోనే. మొదటిది గాలి. 1920లలో ఓయిషి అనే జపాన్ శాస్త్రవేత్త బెలూన్లు వదిలి, పైన పడమటి నుంచి భీకరమైన గాలి వీస్తోందని కనిపెట్టాడు. ప్రపంచమంతా చదవాలని ఎస్పెరాంటో భాషలో అచ్చువేశాడు, పాపం చదివినవాళ్లు తక్కువ! 1944లో జపాన్ మీదికెళ్లిన అమెరికన్ బాంబర్లకి ఆ గాలి ఎదురైంది. అదే గాలి వెనకనుంచి తోస్తే వరం. 2016లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మాని పసిఫిక్ మీదుగా నడిపింది. సుమారు 1,400 కిలోమీటర్లు ఎక్కువ, రెండు గంటలు తక్కువ.

రెండోది సరిహద్దులు. 1983లో ఫిన్నెయిర్ హెల్సింకి నుంచి టోక్యోకి ఆగకుండా ఎగరాలంటే సోవియట్ ఆకాశాన్ని తప్పించుకుని ఉత్తరధ్రువం మీదుగా వెళ్లాల్సొచ్చింది. తర్వాత సైబీరియా దారి తెరుచుకుని ప్రయాణం తొమ్మిదిన్నర గంటలకి దిగింది. 2022లో యుద్ధంతో అది మూసుకుపోగానే మళ్లీ ధ్రువం దారే, పదమూడు గంటలు. ఊళ్లు మాత్రం అంగుళం కదల్లేదు.

మూడోది నాలాంటివాళ్ల గొడవ. ఆ రాత్రి దొరికిన టికెట్, మధ్యలో విమానం మారడం, అక్కడ పడిగాపులు. దీనికి సూత్రం లేదు.

నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. వసారాలో తాతయ్య పడక్కుర్చీ ఒక్కటీ ఉంది.

ఇప్పుడు అమ్మ ఫోన్‌లో "ఎంతసేపట్లో రాగలవురా?" అంటే పదిహేను గంటలని చెప్పను. "రెండు రోజులమ్మా" అంటాను. నా ప్రోగ్రాం కంటే అదే సరైన లెక్క.