రోబో టూల్ ఛేంజర్

రోబో టూల్ ఛేంజర్ అనగా పారిశ్రామిక రోబో తన చేతి చివరనున్న పనిముట్టును మనిషి సాయం లేకుండా విడిచి, మరొకదానిని తగిలించుకొనుటకు ఉపయోగపడే పరికరం. దీనివలన ఒకే రోబో గ్రిప్పరుతో రేకును ఎత్తిపెట్టి, ఆపై వెల్డింగ్ గన్నుతో దానిని అతకగలదు. ఇటువంటి వ్యవస్థల పదజాలం ఐఎస్ఓ 11593 ప్రమాణంలో కలదు.

నిర్మాణం

రోబో మణికట్టుకు బిగించి ఉండేది మాస్టర్ ప్లేటు. ఒక్కొక్క పనిముట్టుకు బిగించినది టూల్ ప్లేటు. విరివిగా వాడే ఒక రకంలో గాలి పీడనం పిస్టన్‌ను తోయగా, గట్టిపరచిన ఉక్కు బంతులు వెలుపలికి జరిగి టూల్ ప్లేటులోని ఉక్కు వలయాన్ని పట్టుకొంటాయి. గాలి ఆగిపోయినా పనిముట్టు జారి పడకుండా స్ప్రింగు గాని, క్యామ్ ఆకృతి గాని ఆ పట్టును నిలుపుతుంది. రెండు ప్లేట్లను సరిగా కలిపేవి గైడ్ పిన్నులు, అవి దూరే బుష్షులు. పనిముట్టుకు కావలసిన గాలి, విద్యుత్తు కూడా ప్లేట్ల ద్వారానే అందుతాయి కనుక రబ్బరు సీళ్ళు, స్ప్రింగు కాంటాక్టులు కూడా ఉంటాయి.

అరుగుదల

అరుగుదల బంతులకే పరిమితం కాదు. పిన్నులు, బుష్షులు, సీళ్ళు, కాంటాక్టులు అన్నీ అరుగుతాయి. ముఖ్య కారణం, రోబోకు నేర్పిన స్థానానికీ స్టాండుపై పనిముట్టు నిలిచిన స్థానానికీ పొంతన లేకపోవడం. వంకరగా దూర్చిన తాళంచెవి వలె పిన్ను బుష్షును రాసుకొంటూ లోనికి పోతుంది. ఇక్కడ రోబో నిలకడే ఎదురు తిరుగుతుంది: తప్పుగా నేర్పిన స్థానానికి అది ప్రతిసారీ తు.చ. తప్పక వెళ్తుంది. అందుచేత పిన్ను ఒకే పక్క అరుగుతుంది. ఆ పక్కన కనిపించే మెరుపు గీతే తొలి ఆనవాలు.

వెల్డింగ్ రవ్వలు, ఇనుప రజను, గాలితో వచ్చే తేమ ఈ అరుగుదలను పెంచుతాయి.

నివారణ

స్థానం నేర్పేటప్పుడు రోబోను అతి నెమ్మదిగా దింపి, పిన్నులు ఒత్తిడి లేకుండా దూరుతున్నవో లేదో చూడాలి. పక్కలకు జరుగుట మాత్రమే కాక, ప్లేట్ల వాలు, మెలిక కూడా సరిచూడాలి. స్టాండు కొద్దిగా కదిలే వీలుండేలా ఉంటే చిన్న తేడాలను అది సర్దుకొంటుంది. పనిముట్టు బరువు పూర్తిగా స్టాండుపై ఆనిన తరువాతనే పట్టు విడవాలి. బరువు ప్లేటుకు దూరంగా ఉన్న పనిముట్టు పట్టుపై మెలివేత బలం పెంచుతుంది. కనుక గురుత్వ కేంద్రాన్ని వీలైనంత దగ్గరగా ఉంచుతారు. గ్రీజు తయారీదారు చెప్పినంతే వాడాలి, ఎక్కువైతే దుమ్మును పట్టి ఉంచుతుంది. స్టాండులో ఉన్న పనిముట్ల ప్లేట్లకు మూత ఉండటం మేలు.

పిన్నులు, బుష్షులు విడిగా మార్చుకోదగినవి. అయితే స్థానాన్ని సరిచేయకుండా పిన్నును మాత్రమే మార్చితే కొత్తది కూడా ఆ పక్కనే అరుగుతుంది.