ఆగిపోవడం కూడా ఒక పనే

హైదరాబాదు నుంచి తాండూరు పోయే రైలెక్కిన వాళ్ళు దారిలో గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్లు చూసే ఉంటారు. 2022 మార్చి 4న ఆ రెంటి మధ్య ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. ఒకదాంట్లో సాక్షాత్తూ రైల్వే మంత్రే ఉన్నారు! రెండూ 380 మీటర్ల ఎడంలో వాటంతటవే ఆగిపోయాయి.

అదే కవచ్. దానికి మన వికారాబాద్ లైనే ప్రయోగశాల. 2012లో తాండూరు దగ్గర తొలి ప్రయోగాలు. 2016 ఫిబ్రవరి నుంచి లింగంపల్లి-వికారాబాద్-వాడి, వికారాబాద్-బీదర్ మార్గాల్లో ప్యాసింజరు బళ్ళ మీద పరీక్షలు. 2020లో దేశమంతటికీ దాన్నే ఖాయం చేశారు.

ఎదురుగా బండొస్తే ఎలా ఆపుతుందని అందరూ అడుగుతారు. నా సందేహం వేరు. ఆ కంప్యూటరే పాడైతే? రియల్ టైం సాఫ్ట్‌వేర్‌కి అసలు పరీక్ష అక్కడే ఉంది. మామూలు ప్రోగ్రాముల్లో ఎర్రర్ వస్తే లాగ్‌లో ఓ ముక్క రాసేసి ముందుకు పోనిస్తాం (నేనూ అదే చేశాను, అబద్ధమెందుకు). తప్పుడు లెక్కతో పరిగెత్తే రైలు కన్నా ఆగిన రైలు మేలు. అందుకే కవచ్‌లో 'సిస్టమ్ ఫెయిల్యూర్' అనే స్థితి ఒకటి విడిగా పెట్టారు. తనలో లోపం తనకే కనిపిస్తే బ్రేకు వేసేస్తుంది. ఆ తర్వాత దాన్ని పక్కనపెట్టి బండి నడపాలంటే డ్రైవరు తెలిసి తెలిసి చెయ్యాలి.

ఇదేం కొత్త తెలివి కాదు. 1874లో సికింద్రాబాద్-వాడి లైను పడింది. ఆ కాలపు రెక్క సిగ్నళ్ళకి తీగ తెగితే, బరువు వల్ల రెక్క దానంతటదే అడ్డంగా వచ్చి 'ఆగు' అనేది. తర్వాతొచ్చిన వాక్యూమ్ బ్రేకూ అంతే, గొట్టానికి చిల్లు పడితే బ్రేకు పడిపోయేది. అక్కడ ఇనప ముక్కలు చేసిన పనే ఇప్పుడు కోడ్ చేస్తోంది, అంతే.

అలాగని 'తప్పొస్తే ఆపెయ్' అన్ని చోట్లా చెల్లదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ ఎగిరింది. 16 బిట్లలో పట్టని అంకె ఒకటొచ్చి, దారి లెక్కగట్టే కంప్యూటరు నియమం ప్రకారం ఆగిపోయింది. స్పేరు కంప్యూటరు అంతకు కొన్ని మిల్లీసెకన్ల ముందే ఆగిపోయి ఉంది. రెంటిలోనూ ఒకే ప్రోగ్రాం మరి! 40 సెకన్ల లోపే రాకెట్ ముక్కలైంది. గాల్లో ఉన్నదానికి పట్టాల మీద నిలబడే వీలు ఎక్కడిది?

ఎర్రర్ హ్యాండ్లర్ రాసేముందు మనం అడగాల్సింది ఒకటే అనిపిస్తుంది: ఇది ఆగిపోతే, పైన కూర్చున్నవాళ్ళు క్షేమంగా ఉంటారా? ఏమంటారు?