మరుగోళ్ల నెల, టీవీ ఆదివారం

ఎనభైలు, తొంభైల నాటి బాల్యం గురించి ఈమధ్య చాలామంది ముచ్చటగా రాస్తున్నారు. ఆదివారం పొద్దున దూరదర్శన్, శుక్రవారం సాయంత్రం చిత్రలహరి, డాబా ఎక్కి యాంటెనా తిప్పడం, వీధిలో గోలీలు, బొంగరాలు. చదువుతుంటే హాయిగా ఉంటుంది. ఉట్నూరు, జైనూరు, నార్నూరు, తిర్యాణి చుట్టుపక్కల గూడేల్లో పెరిగిన మన తరానికీ టీవీ జ్ఞాపకాలున్నాయి, ఆటల జ్ఞాపకాలూ ఉన్నాయి. కానీ అవి ఆ పుస్తకాల్లోని బాల్యం లాంటివి కావు. మనకు డాబా లేదు. ఇంటికో టీవీ లేదు. తెర మీద వినిపించే మాట ఇంట్లో మాట్లాడే మాట కాదు.

ఇంకొక తేడా కూడా ఉంది. "టీవీ వచ్చాక పిల్లలు ఆటలు మానేశారు" అని మైదాన ప్రాంతం వాళ్లు అంటారు. మనమూ అదే మాట అప్పుతెచ్చుకుని అంటున్నాం. మన ఊళ్లలో ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అని వరుసగా పెట్టి చూస్తే ఈ మాట నిలవదు.

ఆటకొక నెల

మన ఆటలు ఎప్పుడు పడితే అప్పుడు ఆడేవి కావు. వాటికి నెల ఉంది, పండుగ ఉంది, మొదలు ఉంది, ముగింపు ఉంది. మరుగోళ్లనే తీసుకోండి. గోండిలో వీటిని కోడంగ్ అంటారు. రెండు వెదురు కర్రలకు పాదం మోపడానికి అడ్డంగా చిన్న ముక్కలు కట్టి, వాటిపై నిలబడి నడవడం. ఆషాఢ అమావాస్య నాడు ఇవి మొదలవుతాయి. శ్రావణ అమావాస్యకు వచ్చే పొలాల పండుగ వరకు నెల రోజులు ఊరంతా ఇవే. పొలాల మరునాడు వాటిని ఊరి పొలిమేర దాటించి వదిలేసి వస్తారు. ఆ తర్వాత ఎవరూ ఎక్కరు.

ఇది ఆదిలాబాద్ అడవులకే పరిమితమైన ఆట కాదు. ఛత్తీస్‌గఢ్‌లో అదే అమావాస్యను హరేలి అంటారు, అదే కర్రలను గేడి అంటారు. నెలలు లెక్కించే పద్ధతి వేరు కాబట్టి అక్కడ దాన్ని శ్రావణ అమావాస్యగా చెబుతారు, రోజు మాత్రం ఒక్కటే. ఒకే రోజున గోదావరికి ఇటువైపూ మహానదికి అటువైపూ పిల్లలు వెదురు కర్రలెక్కుతున్నారంటే, ఆ ఆట రాష్ట్రాల సరిహద్దుల కంటే పాతదని అర్థం చేసుకోవచ్చు.

బస్తర్‌లో మరో ఆట ఉంది. జగదల్‌పూర్‌లో రథయాత్రకు జరిగే గోంచా పండుగలో వెదురు గొట్టంలో అడవికాయ పెట్టి పుల్లతో నెట్టి పేలుస్తారు. దాన్ని తుప్కి అంటారు. మన పిల్లలూ వెదురు గొట్టంతో ఇలాంటిది చేసుకోవడం పెద్దలకు తెలుసు.

ఈ ఆటల్లో కొనే వస్తువు ఒక్కటీ లేదు. వెదురు అడవిది, చింతగింజలు ఇంట్లోవి, గచ్చకాయలు కంచె మీదివి, చిర్రగోనె ఏ కొమ్మ నుంచైనా వస్తుంది. కానీ ఒకటి కావాలి, నేర్పే మనిషి. ఏ వెదురు పగలదో, ముక్క ఎంత ఎత్తున కట్టాలో, ముడి ఎలా వేయాలో తాతో అన్నో చూపాలి. మరుగోళ్లు తయారుచేయడం నేర్చుకున్న పిల్లవాడికి వెదురు సంగతి తెలుస్తుంది. రేపు తడక అల్లేవాడు వాడే. పశువుల వెంట పోతూ ఆడిన పిల్లకు ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో తెలుస్తుంది. కుటుంబం పనీ, పిల్లల ఆటా విడివిడిగా ఉండేవి కావు.

టీవీ వచ్చిన దారి

మన దేశంలో పల్లెటూళ్లకు టీవీ మొదట వచ్చింది వినోదం కోసం కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఒక ప్రయోగం జరిగింది. దాని పేరు సైట్. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లను ఎంచుకున్నారు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసిన టీవీలను పెట్టారు. సన్నని ఇనుప వలతో చేసిన పది అడుగుల గొడుగు లాంటి యాంటెనాను నిలబెట్టారు. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ కార్యక్రమాలు వచ్చేవి. హిందీ, ఒడియా, కన్నడంతోపాటు తెలుగులోనూ వచ్చాయి. ఆ నాలుగింటిలో ఆదివాసీ భాష ఒక్కటీ లేదు.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ ప్రసారాలు మొదలయ్యాయి. 1982 ఆసియా క్రీడలతో దేశంలోకి రంగుల ప్రసారం వచ్చింది. 1984లో కొన్ని నెలలపాటు దాదాపు రోజుకొకటి చొప్పున కొత్త ప్రసార కేంద్రాలు పెట్టారు. అప్పటినుంచే చిన్న పట్టణాలకు, వాటి చుట్టుపక్కల ఊళ్లకు బొమ్మ అందింది. మన వైపు అది పంచాయతీ గదిలోనో, బడిలోనో, షావుకారు ఇంట్లోనో ఉన్న నలుపు తెలుపు టీవీ. కరెంటు లేనిచోట బండి బ్యాటరీకి కలిపి నడిపేవాళ్లు.

1987 జనవరి 25న రామాయణ్ మొదలైంది. 1988 జులై 31 దాకా నడిచింది. అదే ఏడాది అక్టోబర్ 2న మహాభారత్ మొదలై 1990 జూన్ వరకు సాగింది. రెండూ ఆదివారం పొద్దునే. టీవీ ఉన్న ఊరికి చుట్టుపక్కల గూడేల వాళ్లు నడిచి వెళ్లేవాళ్లు. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, తెర మీద హిందీ. అంగడిలో మరాఠీ, హిందీ విని అలవాటైన పెద్దవాళ్లు ఒక్కో మాట గోండిలోకి మార్చి చెబుతుంటే మిగతావాళ్లు వినేవాళ్లు. కథ చెప్పేవాడూ వినేవాళ్లూ ఒకచోట కూర్చోవడం మనకు కొత్త కాదు. కిక్రి వాయిస్తూ మన వంశాల కథ చెప్పే పర్ధాన్ల ముందు మన తాతలు అలాగే కూర్చున్నారు. కాబట్టి ఆ తొలిరోజుల టీవీ మన ఇళ్లను విడదీయలేదు. ముసలివాళ్లనూ పిల్లలనూ ఒక్క గదిలోనే కూర్చోబెట్టింది. ఇంటికో టీవీ, దానిలో ఎవరికి కావలసిన చానల్ వారికి అనేది తర్వాతి మాట. తెలుగులో జెమిని, ఈటీవీ వచ్చింది 1995లో. మన గూడేలకు డిష్ గొడుగులు చేరడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

తెర మీద అడవి

టీవీ ఆటలను చంపలేదు గానీ, మరొకటి చేసింది. మన అడవిని మనకే కొత్తగా చూపించింది.

1993లో దూరదర్శన్‌లో మోగ్లీ కథ వచ్చింది. జపాన్‌లో తీసిన బొమ్మల సీరియల్‌కు హిందీ మాటలు పెట్టారు. తోడేళ్ల మధ్య పెరిగిన పిల్లవాడు, ఎలుగుబంటి, నల్ల చిరుత, పెద్దపులి. దేశమంతా పిల్లలు ఎగబడి చూశారు, మన పిల్లలూ చూశారు. ఆ కథకు మూలం కిప్లింగ్ 1894లో అచ్చువేసిన జంగిల్ బుక్. కథ జరిగే చోటు మధ్యప్రదేశ్‌లోని సియోనీ కొండలు. అవి గోండుల నేల. 1895లో వచ్చిన రెండో పుస్తకంలో గోండు వేటగాడు కాసేపు కనిపించి వెళ్లిపోతాడు. మన నేల మీద అల్లిన కథలో పిల్లవాడికి తోడేళ్లు దొరికాయి, మనవాళ్లు దొరకలేదు. ఆ సీరియల్ చూస్తూ పెరిగిన పట్నం పిల్లలకు అడవి అంటే జంతువులు మాత్రమే ఉండే చోటు. మనకు అడవి అంటే ఇల్లు.

మహాభారత్‌లో ఏకలవ్యుడు కనిపించాడు. బొటనవేలు ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. అతని పేరే 1997-98లో కేంద్రం ఆదివాసీ పిల్లల కోసం మొదలుపెట్టిన ఆదర్శ గురుకులాలకు పెట్టారు. భీముడూ కనిపించాడు. కానీ కొలాములు దైవంగా కొలిచే భీమయ్యక్ వేరు, తెర మీది గద పట్టుకున్న భీముడు వేరు. మన పిల్లలకు రెండో భీముడు బాగా తెలిశాడు, మొదటి భీముడి కథ అడిగేవాళ్లు తగ్గారు. మన కొమరం భీము మీద 1990లోనే సినిమా తీశారు. అది థియేటర్లకు వచ్చింది 2010లో. మధ్యలో ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లలో ఒక తరం మొత్తం ఎదిగిపోయింది.

ఈ విషయంలో రేడియో కొంత నయం. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి వినబడింది. మన మాట యంత్రంలోంచి రావడం అక్కడ విన్నాం.

ఆట ఎక్కడ ఆగింది

మరి ఆటలు ఎలా తగ్గాయి? దీనికి జవాబు టీవీలో కాదు, బడి క్యాలెండర్‌లో వెతకాలి.

1943లో హైమన్‌డార్ఫ్ పూనికతో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. ఆ బడి ఊళ్లోనే ఉండేది, పంతులు మనవాడే. తర్వాతి కాలంలో గోండి చదువు పోయి తెలుగు చదువు వచ్చింది. 1974 తర్వాత, అయిదో ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళిక వచ్చాక ఐటీడీఏలు ఏర్పడ్డాయి, ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. ఆరేడేళ్ల పిల్లలు ఇల్లు వదిలి హాస్టళ్లకు వెళ్లడం మొదలైంది. టీవీ మన గూడేల దరికి రావడానికి ఇది పదేళ్ల ముందు సంగతి.

ఇప్పుడు రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూడండి. మరుగోళ్ల నెల జులై, ఆగస్టుల్లో వస్తుంది. అప్పుడు బడి ముమ్మరంగా నడుస్తుంది, పిల్లలు హాస్టల్లో ఉంటారు. దీపావళికి దండారి రోజుల తరబడి ఊరూరా తిరుగుతుంది. గుమేల, పర్ర, పెప్రె మోగుతాయి, గుస్సాడీలు ఆడతారు. బడికి మాత్రం దీపావళి సెలవు ఒకటి రెండు రోజులు. దసరా సెలవులు అప్పటికే అయిపోతాయి. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు, అంటే చాలా ఏళ్లలో సంక్రాంతి సెలవులు ముగిశాక. ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్‌లో, పరీక్షల రోజుల్లో. పిల్లలు ఇంటికి వచ్చేది మండుటెండల మే నెలలో. అది తునికాకు కోసే కాలం, ఇంటిల్లిపాదికీ పని ఉండే కాలం. పిల్లవాడు ఊళ్లో ఉన్నప్పుడు ఆట లేదు. ఆట ఉన్నప్పుడు పిల్లవాడు ఊళ్లో లేడు.

ఆశ్రమ పాఠశాలలు మనకు చేసిన మేలు చిన్నది కాదు. ఈ వ్యాసం చదవగలుగుతున్నామంటే ఆ బడుల వల్లే. మన ఉపాధ్యాయుల్లో చాలామంది ఆ హాస్టళ్లలో తిని చదువుకున్నవాళ్లే. కానీ ఆ చదువుకు మనం ఇచ్చిన వెల ఏమిటో లెక్క రాసుకోలేదు. వెదురు ముడి నేర్పాల్సిన తాత దగ్గర పిల్లవాడు లేడు, నెగడు దగ్గర కథ వినాల్సిన పిల్ల లేదు. హాస్టల్లో వాళ్లకు సాయంత్రం తోడుగా ఉన్నది వరండాలోని టీవీ. అందుకే మన తరం జ్ఞాపకాల్లో తాత చెప్పిన కథ కంటే ఆదివారం సీరియల్ గట్టిగా నిలిచింది. తప్పు తెరది అనుకున్నాం. నిజానికి ఖాళీ అయిన చోట అది కూర్చుంది.

2020లో ఇది తిరగబడింది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, హాస్టళ్లు మూశారు. నెలాఖరుకు దూరదర్శన్ మళ్లీ రామాయణ్ వేసింది. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో పాఠాలు టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో వచ్చాయి. సైట్ పొద్దుటి పాఠాల తర్వాత నలభై అయిదేళ్లకు టీవీ మళ్లీ బడి అయింది. సిగ్నల్ అందని గూడేల్లో, టీవీ లేని ఇళ్లలో ఆ పాఠం అందలేదు. ఆ నష్టం పెద్దది. అయితే మరుగోళ్ల నెలలోనూ దండారి రోజుల్లోనూ పిల్లలు ఇంటి దగ్గర ఉండటం ఎన్నో ఏళ్ల తర్వాత అప్పుడే జరిగింది.

రాసిపెట్టుకోవాల్సింది

మురియా పిల్లల ఆటలను వెరియర్ ఎల్విన్ 1947లోనే తన గోటుల్ పుస్తకంలో నమోదు చేశాడు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల గురించి హైమన్‌డార్ఫ్ 1948లో పుస్తకం వేశాడు. బయటివాళ్లు ఎనభై ఏళ్ల కిందట రాశారు. మనం మన ఇంటి సంగతి ఇంకా రాయలేదు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. 2021లో గుస్సాడీ కనకరాజుకు పద్మశ్రీ ఇచ్చారు. లిపికి గుర్తింపు వచ్చింది, నాట్యానికి గుర్తింపు వచ్చింది. పిల్లల ఆటకు బిరుదులు రావు. దాన్ని నిలబెట్టాల్సింది ఇల్లూ, బడీ.

యువకులు చేయగల పని ఒకటుంది. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వను, తాతను కూర్చోబెట్టి అడగండి. ఏ ఆట ఏ నెలలో ఆడేవాళ్లు, ఎందుకు ఆ నెలలోనే? వస్తువు ఏ చెట్టుది? ఎవరు నేర్పారు? ఆడపిల్లలు ఏవి ఆడేవాళ్లు? ఓడినవాళ్లకు ఏం శిక్ష? ఆటలో వాడే గోండి, కొలామి మాటలు ఏవి? చెప్పింది చెప్పినట్టు, వాళ్ల భాషలోనే ఫోన్‌లో రికార్డు చేసి, తర్వాత కాగితం మీద పెట్టండి. ఊరి పేరు, తేదీ రాయండి. మొదట టీవీ ఎవరింట చూశారో కూడా అడగండి. అదీ మన చరిత్రే.

ఉపాధ్యాయులు చేయగల పని ఇంకా సులువు. క్యాలెండర్‌లో ఆషాఢ అమావాస్య తేదీ చూసి పెట్టుకోండి. ఆ రోజు ఊరి పెద్దను ఒకరిని ఆశ్రమ పాఠశాలకు పిలవండి. నాలుగు వెదురు కర్రలు, కొంచెం తాడు తెప్పించండి. పిల్లలతోనే కట్టించండి. నెల రోజులు ఆటల పీరియడ్‌లో నడవనివ్వండి. పొలాల మరునాడు వాటిని పొలిమేర దాకా తీసుకెళ్లి వదిలి రండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఉత్తర్వు అక్కర్లేదు. ఆ ముడి వేయడం తెలిసిన మనిషి ఊళ్లో ఉండగానే పిలవాలి, అంతే.