ముహూర్తానికి సిద్ధం కాని నగరం



పోలండు దేశపు సీడీ ప్రాజెక్ట్ సంస్థ ‘సైబర్‌పంక్ 2077’ అనే వీడియో ఆటను 2012లో ప్రకటించింది. ఆటగాడు యథేచ్ఛగా సంచరించగల మహానగరం దానికి రంగస్థలం. 2020 ఏప్రిల్ 16కు పెట్టిన ముహూర్తం మూడుమార్లు వాయిదాపడి, డిసెంబరు 10న ఆట విడుదలైంది. అప్పటికే 80 లక్షల ప్రతులకు ముందస్తు గిరాకీ వచ్చింది.

శక్తిమంతమైన కంప్యూటర్లపై ఆ నగరం శోభిల్లింది. 2013 నాటి ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాలపై మాత్రం దృశ్యాలు నత్తనడక నడిచాయి. ఆట అర్ధాంతరంగా ఆగిపోయేది. ఆటగాడు సాగేకొద్దీ వీధులనూ జనాన్నీ డిస్కు నుండి వెంటవెంటనే చదివి తేవాలి. పాత యంత్రాలకు అంత వేగం లేదు. విమర్శకులకు ముందుగా అందినవి కంప్యూటర్ ప్రతులే కనుక, ఈ లోపం కొనేవారికి ముందే తెలియలేదు.

వారం రోజులకే సోనీ తన అంగడి నుండి ఆటను తొలగించి, సొమ్ము వాపసు ఇస్తామన్నది. 2021 జూన్ వరకు మళ్ళీ చేర్చుకోలేదు. 2021 జనవరిలో సంస్థ స్థాపకుల్లో ఒకరైన మార్చిన్ ఇవిన్‌స్కి క్షమాపణ చెప్పారు. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 సవరణతో ఆటకు మంచిపేరు దక్కింది. అయితే ఆ సవరణ పాత యంత్రాలకు అందలేదు.

ఆట బాగుపడిన మాట నిజమే. కానీ మొదట నమ్మి మోసపోయినవారి యంత్రాలకు ఆ 2.0 సవరణ అందలేదన్న వాక్యం కూడా ఈ చరిత్రలో ఉండాలని నా మనవి.