కొండ మీది బండి ఱ

నా మొదటి పుస్తక సమీక్ష అచ్చయి ముప్పయ్యేళ్లు దాటింది. అది మన్యం కథల పుస్తకం. రాసినవాడు కొండ ఊళ్లో పుట్టి పెరిగిన కుర్రాడు. నేనప్పుడు అరకు దగ్గర ఆశ్రమ పాఠశాలలో తెలుగు పంతుల్ని. పుస్తకం చేతికి రాగానే ఎర్ర పెన్ను తీశాను. కథల్ని మెచ్చుకుంటూనే, ముద్రారాక్షసాలు ఎక్కువగా ఉన్నాయని చివర్న పద్నాలుగు మాటలు ఏరి చూపించాను. పదిహేను రోజులకు కార్డు ముక్క వచ్చింది. "మాస్టారూ, మీరు చూపించినవాటిలో అచ్చుతప్పులు ఐదే. మిగతా తొమ్మిదీ మా అమ్మ మాటలు." అంతే రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా బాలవ్యాకరణం పుస్తకంలోనే ఉంది.

ఆ ఎర్ర పెన్ను నా ఒక్కడిదే కాదు. తెలుగులో కొత్త పుస్తకాన్ని పరీక్షించడం మొదలైందే తప్పులు పట్టడంతో. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చాక పండితుల చేతికి కొలబద్ద దొరికినట్టయింది. కొక్కొండ వెంకటరత్నం పంతులు 'ఆంధ్రభాషా సంజీవని', కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని' ఒకదాన్నొకటి ఎలా దెబ్బ తీసుకున్నాయో పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. కవి ఏం చెప్పాడన్నది తర్వాతి మాట. అరసున్న ఎక్కడ జారింది, 'ర' రాయాల్సిన చోట 'ఱ' పడిందా, 'ఱ' ఉండాల్సిన చోట 'ర' పడిందా అన్నది ముందు. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము'తో కవి ఊహను తూచడం మనకు నేర్పారు. కానీ తప్పుల పట్టీ అలవాటు అంత తొందరగా పోలేదు. నేను చదువుకున్న రోజుల్లో కూడా ఎఱ్ఱనను 'ఎర్రన' అని రాస్తే మార్కులు తెగేవి.

ఆ బండి ఱ సంగతే నాకు చాలాకాలం మింగుడుపడలేదు. నన్నయ దాన్ని జాగ్రత్తగా పాటించాడు. ఆ తర్వాత జనం నోట రెండూ కలిసిపోయాయి. ఆఱు, నూఱు, ఎఱుక అని రాయడమే గాని పలికి చూపించగలిగిన పంతులు నాకు ఒక్కరూ తగల్లేదు. నేనూ చూపించలేకపోయాను. చెవికి వినపడని తేడా కోసం కవుల్ని ఎన్ని తరాలు నిలదీశామో!

ఈ తప్పులు పట్టే పద్ధతిని దాని చేతి కర్రతోనే కొట్టినవాడు ఇదే తూర్పు కనుమల్లో, అరకుకు ఈశాన్యంగా పర్లాకిమిడిలో ఉండేవాడు. గిడుగు రామమూర్తి పంతులు 1880లో అక్కడ బడిపంతులుగా చేరారు. వ్యవహార భాషను వెక్కిరించిన పండితుల పుస్తకాలే ముందు పెట్టుకుని, వాళ్ల వ్యాకరణం ప్రకారమే వాళ్ల తప్పులు వరుసగా ఎత్తి చూపారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' అదే. మన సమీక్షా చరిత్ర రాసేవాళ్లు దాన్ని భాషోద్యమం ఖాతాలో వేసి పక్కన పెట్టేస్తారు. నా లెక్కలో అది తెలుగులో వచ్చిన గొప్ప విమర్శ గ్రంథాల్లో ఒకటి. తీర్పరులు చదివే తీరునే చదివి చూపించిన పుస్తకం ఇంకోటి ఏముంది?

ఆయనకు ఆ ధైర్యం ఎక్కడిదంటే, సవర గూడేల నుంచి వచ్చిందనే నేను అనుకుంటాను. సవర ముండా కుటుంబపు భాష, తెలుగుతో చుట్టరికం లేనిది. దానికి అప్పట్లో నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. నోటిని నమ్మి రాసుకోవడం తప్ప వేరే దారి లేదు. అలా విని విని 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు కోశం తెచ్చారు. వ్యాకరణం పుట్టక ముందే మాట ఎంత క్రమంగా నడుస్తుందో కళ్లారా చూసినవాడికి వ్యాకరణం పేరు చెప్పి మాటను కొడితే ఒప్పుకోబుద్ధి అవుతుందా? ఆ తిరుగుళ్లలోనే ఆయనకు మన్యం జ్వరం పట్టింది. మింగిన క్వైనా చెవుల్ని తినేసింది. వినడం కోసం కొండెక్కిన మనిషి ఆ వినికిడినే అక్కడ వదిలి వచ్చాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా చేతిలో పెన్ను బరువెక్కుతుంది.

ఇక బండి ఱ. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మా అరకు కొండల్లో కొండదొరల భాష రాసుకున్నారు. కొండ అనీ, కూబి అనీ దానికి పేర్లు. పాఠాలు, వ్యాకరణం, పదకోశం కలిపి 1969లో హైదరాబాదులో అచ్చయింది. లైబ్రరీలో ఆ పుస్తకం తిరగేస్తుంటే ధ్వనుల భాగంలో ఆగిపోయాను. తెలుగు పోగొట్టుకున్న ఱ ఈ భాషలో బతికే ఉంది, మామూలు ర నుంచి విడిగా. ముప్పై కిలోమీటర్ల లోపు మనుషులు రోజూ పలుకుతున్నదాన్ని నేను బడిలో బొమ్మ గీసి చూపిస్తున్నానన్నమాట!

ఆ వారమే సంతలో పసుపు అమ్మే ఒక కొండదొర తాతను కూర్చోబెట్టుకున్నాను. వాళ్ల మాటలు కొన్ని మెల్లగా అనమన్నాను. ర దగ్గర నాలుక ఒక్కసారి తగిలి వదిలేసింది. రెండో దాని దగ్గర నాలుక కొస పై పళ్ల వెనక చిగురుకు ఆని గిరగిరా కొట్టుకుంది. ఇంకో మాటలో అదే ధ్వని గొంతు కలవకుండా ఒట్టి గాలితో వచ్చింది. నాలుగుసార్లు అడిగాను. అయిదోసారి తాత నా మోకాలి మీద చెయ్యి వేసి, "నీకు వినపడతలేదా బాబూ?" అన్నాడు. వినపడింది. నలభై ఏళ్లు దాటాక మొదటిసారి వినపడింది.

అప్పటి నుంచి సమీక్షకు వచ్చిన పుస్తకాన్ని పైకి చదువుతున్నాను. పార్వతీపురం వైపు మన్యం నుంచి వచ్చిన మల్లిపురం జగదీశ్ కథలు 'శిలకోల' అలాగే చదివాను. మనం దండకారణ్యం అనీ గిరిబాలలు అనీ దూరం నుంచి రాసుకున్న కొండకూ, ఇంటిలోంచి మాట్లాడే కొండకూ ఎంత తేడానో చెవికే ముందు తెలుస్తుంది. ఒక పత్రికవాళ్లు నా సమీక్షలో ఉదహరించిన కొండ మాటల్ని 'సరిదిద్ది' వేసినప్పుడు కోపం కన్నా దిగులు ఎక్కువ వేసింది. ఆ చెయ్యి నాకు బాగా తెలిసిన చెయ్యి.

ఇప్పుడు బల్ల మీద కొత్త పుస్తకం ఉంది. ఈ కొండల పిల్లే రాసింది, మొదటి పుస్తకం. కిటికీ అవతల వలిసె పూలు పచ్చగా విరగబూశాయి. ముప్పై ఒకటో పేజీలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఏ నిఘంటువులోనూ దొరకలేదు. పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాను. ఎల్లుండి సంత. ఆ పిల్ల ఊరివాళ్లు కాఫీ గింజలు తెస్తారు. అడిగాక రాస్తాను.